బొంగురుపోయిన గొంతు

తిరువూరులో మాకు తెలిసిన ఒక పెద్దాయన చాలా ఏళ్లు మసీదులో అజాన్ ఇచ్చారు. మామిడి కోతల వేళ ఆయన గొంతు బొంగురుపోయింది. దుమ్ము పట్టిందనుకొని ఇంట్లోవారు శొంఠి కషాయంతో మూడు నెలలు గడిపారు. మూడు వారాలు దాటిన బొంగురును వైద్యునికి చూపించవలసిందే. చివరకు విజయవాడలో ముక్క తీసి పరీక్షిస్తే, స్వరతంత్రిపై తొలిదశ క్యాన్సర్ అని తేలింది. బీడీ ఆయనకు పాత నేస్తం.

“మా అబ్బాజాన్ గొంతు తీసేస్తారా?” అని కుమారుడు మమ్మల్ని అడిగారు. ఈ దశలో సాధారణంగా ఆ అవసరం రాదు. స్వరతంత్రుల్లో శోషరస నాళాలు బహు స్వల్పం కనుక అక్కడి వ్యాధి చాలాకాలం అక్కడే ఉంటుంది. మెడ ముందువైపు చిన్న చోటికి రేడియేషన్ ఇస్తే మొదటి దశలో పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి నయమవుతుంది, మాటా దక్కుతుంది. నోటి గుండా లేజరుతో తొలగించే పద్ధతి కూడా ఉంది. ఎవరికి ఏది తగునో వైద్యులు చూసి చెబుతారు.

రేడియేషన్‌ను వారానికి ఐదు రోజులు, రోజుకు కొన్ని నిమిషాలు ఇస్తారు. ఆ కాసేపూ నొప్పి తెలియదు. ఇక్కడ గ్రహించవలసిన సంగతి ఒకటుంది. 2006లో జపాను వైద్యులు ఒక పరిశీలన ప్రకటించారు. రోజుకు 2 గ్రేలు పొందినవారిలో ఐదేళ్లకు 77 శాతం మందికి వ్యాధి అదుపులో ఉండగా, 2.25 గ్రేలు పొందినవారిలో అది 92 శాతం. రెండో పద్ధతిలో మొత్తం మోతాదు కొంచెం తక్కువే, కాని చికిత్స త్వరగా ముగిసింది. నేడు పలుచోట్ల 28 విడతల్లో 63 గ్రేలు ఇస్తున్నారు. మధ్యలో రోజులు పోతే క్యాన్సర్ కణాలు మళ్లీ పుంజుకుంటాయి.

మన ఇళ్లలో చిక్కు సరిగ్గా అక్కడే వస్తుంది. మూడు, నాలుగు వారాలకు గొంతు పుండై, మింగడం కష్టమై, ఉన్న మాట కూడా తగ్గుతుంది. “వేడి చేసింది, కొన్నాళ్లు ఆపుదాం” అని ఎవరో ఒకరు అంటారు. ఇంకొకరు రమజాను అయ్యాక చూద్దామంటారు. రోగి ఉపవాసాలను తర్వాత పూర్తిచేసుకోవచ్చని ఖుర్ఆనే సడలింపు ఇచ్చింది. చికిత్సకు అలాంటి వాయిదా లేదు. బీడీ మానకుండా రేడియేషన్ తీసుకుంటే ఫలితమూ తగ్గుతుంది, పుండూ ఎక్కువవుతుంది.

తిరువూరు నుంచి రోజూ విజయవాడకు బస్సులో తిరగడం ఆ వయసులో అయ్యే పని కాదు. కుమార్తె తన ఇంట్లో ఆరు వారాలు ఉంచుకొంది. అల్లుడు పొద్దున్నే స్కూటరుపై ఆస్పత్రికి తీసుకెళ్లి, ఆ తర్వాతే దుకాణం తెరిచేవాడు. పెళ్లి పిలుపులు రెండు వచ్చినా వెళ్లలేదు. బీడీ కట్ట కుమార్తె కొంగున ముడిపడి ఉండేదట.

ముగిసిన మూడు నెలలకు గొంతు కొద్దికొద్దిగా తెరుచుకొంది. మునుపటంత గంభీరంగా లేదు. అయినా ఫజ్ర్ అజాన్ ఇప్పుడు ఆయనదే. రెండు నెలలకోసారి పరీక్షకు వెళ్లి వస్తున్నారు.