చేప జాడ దొరికింది, ధర జాడేదీ?

అండమాన్ సముద్రంలో చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశముందో హైదరాబాద్‌లో కూర్చుని చెప్పేయొచ్చు. ఆ కబురు నడిసంద్రంలో వల పట్టుకున్న మనిషికి చేర్చడమే అసలు పరీక్ష. ఆ మనిషి తెలుగువాడు కావడం అక్కడ వింతేమీ కాదు. 2011 లెక్కల ప్రకారం 3.8 లక్షల దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు వారిలో ఎన్నో.

కబురు పంపేది 1999లో ఏర్పాటైన జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. సముద్రం పైపొర ఎంత వేడిగా ఉందో, నీటిరంగును బట్టి నాచు ఎంత ఉందో ఉపగ్రహాలు కొలుస్తాయి. చల్లటి, వెచ్చటి నీళ్లు కలిసేచోట నాచు పెరుగుతుంది. దాన్ని తినే చిన్న జీవుల వెంటే చేపలూ చేరతాయి. ఆ చోటు ఒడ్డు నుంచి ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున ఉందో ఇన్‌కాయిస్ ప్రకటిస్తుంది. వెతుకులాట తగ్గితే డీజిల్ మిగులుతుంది. చిన్న పడవ యజమానికి లాభనష్టాలు తేలేది అక్కడే.

అయితే మబ్బు కమ్మితే ఉపగ్రహం కంటికి ఏమీ ఆనదు. వానాకాలం పొడవైన దీవుల్లో ఇది చిన్న లోపం కాదు. రెండో చిక్కు సిగ్నల్. చెన్నై నుంచి సముద్రగర్భంలో సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యాక దీవుల్లో ఇంటర్నెట్ మెరుగుపడింది. కానీ తీరం నుంచి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్‌ఫోన్ మూగబోతుంది. అందుకే 2019లో జెమిని పరికరం వచ్చింది. గగన్ ఉపగ్రహ వ్యవస్థ నుంచి తుపాను హెచ్చరికలు, చేపల సమాచారం అందుకుని, బ్లూటూత్ ద్వారా ఫోన్‌కు పంపుతుంది. వినడమే తప్ప బదులు పలకడం దానికి రాదు. ఆపదలో పంపిన కేక అందిందని పడవకు తిరిగి కబురిచ్చే కొత్త పరికరాన్ని 2024లో ఇస్రో ముందుకు తెచ్చింది. 2004 సునామీ చూసిన దీవులకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతా చేసి, చేప ఒడ్డుకు చేరాక కథ మళ్లీ మొదటికొస్తుంది. పెద్ద మార్కెట్లున్న చెన్నై, విశాఖ వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. ఐసు, శీతల గిడ్డంగి, సమయానికి రవాణా లేకపోతే వల ఎంత నిండినా ధర చెప్పేది కొనేవాడే. అందరూ ఒకే సూచన చూసి ఒకే చోట వల వేస్తే సరుకు పోటెత్తి రేటు ఇంకా పడిపోవచ్చు. దేశ ప్రత్యేక ఆర్థిక మండలిలో నాలుగో వంతుకు పైగా ఈ దీవుల చుట్టూనే ఉంది. 2024లో కేంద్రం ఇక్కడ ట్యూనా క్లస్టర్‌ను కూడా ప్రకటించింది. పెద్ద ఓడలకు దారి చూపే ముందు, ఆ ఉపగ్రహ కబురు వల్ల చిన్న పడవ యజమాని జేబులో ఎన్ని రూపాయలు మిగిలాయో సర్కారు లెక్క తీయాలి. పథకం ఫలించిందో లేదో తేల్చాల్సింది ఆ లెక్కే.