కుదురు లేని పాత్ర

నవల వ్రాస్తున్న ఒక పాఠకురాలి దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. ఆవిడ కథానాయకుడు పదేళ్ళ కుర్రవాడట. వాడికి ఏ.డి.హెచ్.డి. ఉందట. "మూడు ప్రకరణాలు పూర్తిచేశాను. పిల్లవాడు కుర్చీలెక్కుతున్నాడు, దూకుతున్నాడు, గాజు గ్లాసులు పగలగొడుతున్నాడు. ఎన్ని గ్లాసులు పగలగొట్టించినా వాడు నాకే నిజమైన పిల్లవాడుగా కనిపించడం లేదు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. మందూమాకూ సంగతి డాక్టర్లకే వదిలిపెడదాం. అయితే వడ్రంగిని గురించి కథ వ్రాసేవాడికి చిత్రికపట్టడం ఏమిటో తెలియాలి కదా! అలాగే ఈ పాత్రను వ్రాసేవారికి ఈ అవస్థ ఏమిటో కొంతైనా తెలిసి ఉండాలి.

అటెన్షన్ డెఫిసిట్ హైపర్‌యాక్టివిటీ డిజార్డర్ అనే పొడుగాటి పేరుకు ఇది పొట్టిరూపు. ఈ పేరు 1987లో అమెరికా మానసిక వైద్యుల సంఘం వారి గ్రంథంలో స్థిరపడింది. పేరు కొత్తదే గాని ఇటువంటి మనుషులు పాతవారే. 1798లోనే అలెగ్జాండర్ క్రైటన్ అనే స్కాట్లండు వైద్యుడు ఏ విషయంమీదా మనసు నిలుపుకోలేనివారిని గురించి తన గ్రంథంలో వ్రాశాడు. 1840ల దశకంలో ఫ్రాంక్‌ఫర్టు వైద్యుడు హైన్రిష్ హాఫ్‌మన్ పిల్లలకోసం ఒక బొమ్మల పద్యాల పుస్తకం వేశాడు. అందులో ఫిలిప్ అనే పిల్లవాడు భోజనాల బల్లదగ్గర కుదురుగా కూర్చోలేడు. కుర్చీని ముందుకూ వెనక్కూ ఊపి ఊపి, వెనక్కు పడిపోతూ బల్లమీది గుడ్డ పట్టుకుంటాడు. గిన్నెలూ, వంటకాలూ అన్నీ నేలపాలవుతాయి. చదివిన పిల్లలు నవ్వుకుంటారు. తల్లిదండ్రులు "చూశావా, అల్లరి చేస్తే ఇంతే" అంటారు.

కాని ఆ కుర్చీ ఊపుతున్నంతసేపూ ఫిలిప్ మనసులో ఏమున్నదో ఆ పద్యం చెప్పదు. మన పాఠకురాలికి వచ్చిన చిక్కు కూడా అదే. ఆవిడ కుర్రవాడు ఇంకా ఫిలిప్ దగ్గరే ఆగిపోయాడు. గ్లాసు పగలడం మనకు కనిపిస్తోంది. పగిలేముందు వాడు ఏమనుకున్నాడో కనిపించడం లేదు.

ఒక్క ఉదాహరణ చెబుతాను. కుర్రవాణ్ణి కాసేపు పక్కన పెట్టండి. ముప్ఫై ఏళ్ళ ఇల్లాలిని తీసుకుందాం. పేరు శారద అనుకోండి.

పొద్దున్నే శారద పాలు పొయ్యిమీద పెట్టింది. గరిటెకోసం గూటి దగ్గరకు వెళ్ళింది. గూట్లో దర్జీ ఇచ్చిన చీటీ కనిపించింది. జాకెట్లు నిన్ననే తెచ్చుకోవలసింది! మళ్ళీ మరిచిపోకముందే చీటీ సంచిలో వేసుకుందామని పడకగదిలోకి వెళ్ళింది. సంచిలో పిల్లవాడి ప్రోగ్రెసు కార్డు ఉంది. సంతకం చేసి ఇవాళే పంపాలి. కలంకోసం సొరుగు లాగింది. సొరుగులో చెల్లెలి పెళ్ళినాటి ఫొటో బయటపడింది. ఆ ఫొటో తనకూ ఒకటి కావాలని పిన్ని నెల రోజులనుంచి అడుగుతోంది. ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది.

ఇందులో ఏ అడుగు తప్పో చెప్పండి. ప్రతి అడుగుకూ కారణం ఉంది. పైగా ఆ పిచ్చితల్లి అడుగడుగునా పడుతున్న తాపత్రయమల్లా ఏదీ మరిచిపోకూడదనే! అత్తగారికి మాత్రం కనిపించినది ఒక్కటే: పాలు పొయ్యిమీద పెట్టి పెళ్ళి ఫొటో చూస్తూ నిలబడ్డ కోడలు.

"నిన్న చుట్టాలొస్తే పదిమందికి వండి వడ్డించావు కదమ్మా! ఇవాళ లీటరు పాలు చూసుకోలేకపోయావా?" అంటుంది ఆవిడ.

అత్తగారు గయ్యాళి కానక్కరలేదు. ఆవిడ అడిగినది న్యాయమైన ప్రశ్న. ఎవరైనా అదే అడుగుతారు. నా మట్టుకు నాకు ఈ పాత్రకు సంబంధించిన కథంతా ఆ ప్రశ్నలోనే ఉన్నదనిపిస్తుంది. కాలు విరిగినవాణ్ణి "నిన్న నడిచావుగా" అని ఎవరూ దెప్పరు, వాడు నిన్నా నడవలేదు గనుక. ఈ అవస్థ అలాంటిది కాదు. ఒకనాడు బ్రహ్మాండంగా చేసిన పని మరునాడు చేతకాదు. కొత్తదనం ఉన్నా, తరుముకొచ్చే గడువు ఉన్నా, ఆసక్తి ఉన్నా మనసు దానికదే అతుక్కుపోతుంది. చుట్టాలు వచ్చిననాడు ఆ మూడూ ఉన్నాయి. రోజూ కాచే పాలలో ఒక్కటీ లేదు. మనకైతే ఆసక్తి లేకపోయినా మనసును లాక్కొచ్చి నిలబెట్టే పగ్గం ఒకటి ఉంటుంది. శారదకు ఆ పగ్గం పట్టు సరిగా చిక్కదు. శ్రద్ధ పుష్కలంగా ఉంది, అయితే అది ఆవిడ పిలిచినప్పుడు రాదు.

కాబట్టి పాత్రను వ్రాసేటప్పుడు వాడు చేయలేని పనులతోపాటు బాగా చేయగలిగినవి కూడా చూపించండి. పది నిమిషాలు ఎక్కాలు చదవలేని కుర్రవాడు పాడైన టేబుల్‌ఫ్యాను విప్పుకుని అన్నంనీళ్ళు మరిచి నాలుగు గంటలు కూర్చోగలడు. తండ్రి అది చూశాడు గనుకనే, ఎక్కాలు రాకపోవడం పొగరనుకుంటాడు. చెయ్యి చేసుకుంటాడు. చూశారా, మీకు విలన్ అక్కరలేకుండానే కథ నడిచింది.

నిజానికి మొదట్లో వైద్యులు కూడా ఆ తండ్రికి దగ్గరగానే ఆలోచించారు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే ప్రసిద్ధ పిల్లల వైద్యుడు, తెలివిలో లోటు లేకపోయినా తమను తాము అదుపులో పెట్టుకోలేని పిల్లలను గురించి ఉపన్యాసాలిచ్చాడు. దానికి ఆయన పెట్టిన పేరు నైతిక నిగ్రహంలో లోపమని. అంత పెద్ద వైద్యుడే నీతి అన్నమాట వాడితే, మన ఇళ్ళలో సోమరితనం అన్నారంటే ఆశ్చర్యమేముంది?

రెండో సంగతి కాలం. ఇటువంటివారికి కాలం మనకు నడిచినట్టు నడవదు. ఇప్పుడు కళ్ళెదుట ఉన్నది ఒకటి, లేనిదంతా మరొకటి. రేపటి పరీక్షా, వచ్చే సంక్రాంతీ ఒకే దూరంలో ఉన్నట్టుంటాయి. మా కాలేజీలో ఒక విద్యార్థి ఉండేవాడు. పరీక్షలో మొదటి ప్రశ్నకు పధ్నాలుగు పేజీల సమాధానం వ్రాశాడు. అటువంటి సమాధానం ఆ యేడు మరెవరూ వ్రాయలేదు. మిగిలిన నాలుగు ప్రశ్నలకూ కాగితం ఖాళీ. గంట కొట్టగానే ఎవరో నిద్రలేపినట్టు తలెత్తి చూశాడు. అతనికి ఏ జబ్బు ఉందో లేదో చెప్పడానికి నేనెవణ్ణి? కాని పాత్ర వ్రాసేవారికి ఆ తలెత్తి చూసిన చూపు పనికివస్తుంది.

మూడోది వయస్సు. వైద్యుల లెక్క ప్రకారం ఈ లక్షణాలు పన్నెండేళ్ళ లోపలే కనిపించి ఉండాలి, ఒక్కచోటే కాక ఇంట్లోనూ బడిలోనూ కూడా ఉండాలి. పెద్దయ్యాక గెంతులు తగ్గుతాయి. లోపలి గుంజాటన చాలామందికి మిగులుతుంది. బల్లకింద కాలు ఊగుతూనే ఉంటుంది. ఎదుటివాడి మాట పూర్తికాకముందే జవాబు నోట్లోంచి దూకుతుంది. ఆడపిల్లల్లో గెంతులు మొదటినుంచీ అంతగా ఉండకపోవచ్చు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్న పిల్లవల్ల టీచరుకు ఇబ్బంది లేదు గనుక ఆ పిల్ల ఎవరి కంటా పడదు. అటువంటి పిల్లే పెరిగి మన శారద అయింది. ఇది చాలావరకు వంశంలో వచ్చేదని కూడా తేలింది. కొడుకును డాక్టరు దగ్గర కూర్చోబెట్టి, ఆయన అడిగే ప్రశ్నలు వింటూ వింటూ "ఇవన్నీ నా సంగతులే!" అని ఉలిక్కిపడే తల్లినో తండ్రినో ఊహించుకోండి. సీరియల్లో ఒక వారం ఆపడానికి అంతకన్న మంచి చోటు దొరకదు.

అన్నిటికన్న ముఖ్యమైనది, మన కథల్లో తరచు జారిపోయేది, ఆ మనిషి చేసుకున్న ఏర్పాట్లు. ముప్ఫై ఏళ్ళు తిట్లు తిన్నవాడు ఊరికే కూర్చోడు. అరచేతిమీద వ్రాసుకుంటాడు. ఫోనులో నాలుగు అలారాలు పెడతాడు. రైలు తప్పిపోతుందని రెండు గంటలముందే స్టేషనుకు వెళ్ళి కూర్చుంటాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటాడు. ఎవరూ నవ్వకముందే తన మతిమరుపుమీద తానే హాస్యమాడతాడు. మతిమరుపు చూపిస్తే పాఠకుడు నవ్వుతాడు, ఈ ఏర్పాట్లు చూపిస్తే అతన్ని ప్రేమిస్తాడు. ఏర్పాట్లన్నీ చేసుకున్నా ఒకరోజు తప్పిపోతే, ఆ తప్పుకు పాఠకుడి కళ్ళు చెమరుస్తాయి.

మానవలసినవి మూడున్నాయి. పిల్లవాణ్ణి విదూషకుణ్ణి చేయవద్దు. మహామేధావినీ చేయవద్దు. రిక్ రియోర్డన్ అనే అమెరికా రచయిత, ఈ అవస్థ ఉన్న తన కొడుకుకు చెప్పిన కథలనే పెంచి 2005లో పెర్సీ జాక్సన్ మొదటి నవల వెలువరించాడు. అందులో ఆ చంచలత్వమే యుద్ధంలో కాపాడే సహజశక్తి. దేవతల కొడుకుల కథ గనుక అది చెల్లింది. ఎక్కాల దగ్గర ఏడుస్తున్న పిల్లవాడి కథలో అది చెల్లదు. ఇక మూడోది, చివరి ప్రకరణంలో మాత్ర వేయించి అంతా బాగుచేయవద్దు. మిథైల్‌ఫెనిడేట్ వంటి మందులు చాలామందికి ఉపకరిస్తాయి. అయితే వాటి ప్రభావం కొన్ని గంటలే. మందు కుదురు ఇవ్వగలదుగాని, ఇన్నాళ్ళూ పడ్డ తిట్లను తుడిచివేయలేదు.

మరొక మాట. ప్రతి అల్లరి పిల్లవాడికీ ఈ పేరు తగిలించకూడదు. ముళ్ళపూడివారి బుడుగు వట్టి అల్లరివాడు. వాడి దారిన వాణ్ణి వదిలేయండి. 2007లో వచ్చిన తారే జమీన్ పర్ సినిమాలోని పిల్లవాడిది అక్షరాలు చదవడంలో ఉండే ఇబ్బంది, అది వేరు.

జబ్బు పేరు కథలో చెప్పాలా వద్దా అని కొందరికి సందేహం. రావిశాస్త్రిగారి అల్పజీవిలో సుబ్బయ్యకు ఏ డాక్టరూ ఏ పేరూ పెట్టలేదు. అయినా అతని పిరికితనం మన ఒంట్లో వణుకు పుట్టిస్తుంది. ముందు మనిషిని అలా వ్రాయండి. పేరు తర్వాత వచ్చినా ఫరవాలేదు. కాని ఈ కాలపు కథలో అసలు రాకపోతే నష్టం ఉంది. పేరు తెలియని ఇంట్లో సోమరి, మొద్దు, పొగరుబోతు అనే పేర్లు ఆ చోటు ఆక్రమిస్తాయి. పిల్లవాడు వాటినే తన పేర్లనుకుని పెరుగుతాడు.

జాక్ గాంటోస్ 1998లో వ్రాసిన నవలలో జోయీ పిగ్జా అనే కుర్రవాడు తన కథ తానే చెప్పుకుంటాడు. ఇంటి తాళంచెవి మింగేస్తాడు, పెన్సిలు చెక్కే మరలో వేలు పెడతాడు. ఆ పనులన్నీ వాడి నోట వింటుంటే, ఆ క్షణంలో మనమూ అదే చేసేవాళ్ళమేమో అనిపిస్తుంది. వాడు మంచివాడుగా ఉండాలని ఎంత గింజుకుంటున్నాడో ఫిలిప్‌ను చూసి నవ్వినవారికి తెలియదు, జోయీని చదివినవారికి తెలుస్తుంది.

కాబట్టి అమ్మా, మీ నాలుగో ప్రకరణంలో గ్లాసు పగలగొట్టించవద్దు. గ్లాసు పగలకుండా ఉండాలని ఆ కుర్రవాడు రెండు చేతులా పట్టుకుని వంటింట్లోంచి హాల్లోకి నడిచివస్తున్న ఆ పది అడుగులూ వ్రాయండి.