దీవికి వెళ్ళినా ఇల్లు వెంటే వస్తుంది

ఈ మధ్య సెలవుల గురించి ఎవరు మాట్లాడినా ఒకటే సలహా. "ఫోన్ కట్టేసి హాయిగా ఉండండి, నాలుగు రోజులు నెట్ లేకపోతే కొంపలేం మునిగిపోవు" అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ మాట చెప్పేవాళ్ళని కాస్త గమనించి చూడండి. వాళ్ళు ఫోన్ కట్టేసినా, వాళ్ళ తరఫున ఫోన్ ఎత్తే మనిషి పక్కనే ఒకరుంటారు. ఆ మనిషి చాలా ఇళ్ళలో ఇల్లాలే.

అందుకే నా మట్టుకు నాకు, సెలవుల్లో నెట్ ఉండాలా వద్దా అన్నది అసలు ప్రశ్నే కాదు. ఉన్నప్పుడు ఆ ఫోన్‌కి కాపలా ఎవరు కాయాలి అన్నదే ప్రశ్న.

పోయిన డిసెంబరులో మేం నలుగురం విశాఖపట్నం నుంచి చెన్నై మీదుగా అండమాన్ వెళ్ళొచ్చాం. వెళ్తున్నామని తెలియగానే చుట్టాలందరూ "అక్కడ సిగ్నల్ ఉండదుట" అన్నారు. అది పాత మాట. ఒకప్పుడు ఆ దీవులకి నెట్ అంటే ఉపగ్రహం ద్వారా వచ్చేదే, అదీ నత్తనడక. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ మొదలయ్యింది. దాదాపు 2,300 కిలోమీటర్ల పొడవు. పోర్ట్ బ్లెయిర్‌కీ (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం), అక్కడి నుంచి హేవ్‌లాక్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్ లాంటి మరికొన్ని దీవులకీ ఆ తీగ వెళ్ళింది. ఇప్పుడు ఊళ్ళో ఉన్నంతసేపూ ఫోన్ పనిచేస్తుంది. హేవ్‌లాక్ వెళ్ళే ఓడ ఎక్కి కాస్త దూరం పోయాక, నడిసముద్రంలో మాత్రం గీతలన్నీ మాయమైపోతాయి. మళ్ళీ ఒడ్డు కనబడగానే టింగు టింగుమంటూ మెసేజ్‌లు మొదలు.

ఆ మెసేజ్‌లు ఎవరి ఫోన్‌కి ఏవి వస్తాయో చూస్తే మీకే అర్థమవుతుంది. మావారి ఫోన్‌కి ఆఫీసు నుంచి ఏమీ రావు. ఆయన సెలవు పెట్టేటప్పుడే "నేను లేనప్పుడు ఫలానా వారిని అడగండి" అని మెయిల్‌లో రాసి పెట్టి వచ్చారు. పిల్లలకి వచ్చేవి స్నేహితుల కబుర్లు. నాకు వచ్చేవి వేరు. గ్యాస్ బండ తెచ్చిన అబ్బాయికి చెప్పాల్సిన కోడ్ నా నంబరుకే వస్తుంది. పాలవాడు రేపు వెయ్యాలా వద్దా అని అడిగేది నన్నే. మొక్కలకి నీళ్ళు పోసే పనిమనిషి తాళం ఎక్కడుందని నన్నే అడుగుతుంది. అపార్ట్‌మెంట్ గ్రూపులో ట్యాంకు కడుగుతున్నాం, బకెట్లు నింపుకోండి అన్న కబురూ నాకే. వీటన్నిటికీ మించి, ఆడపడుచు ఇంట్లో దిగబెట్టి వచ్చిన మా అత్తయ్యగారు, "బీపీ మాత్ర పొద్దున్న వేసుకున్నానా లేదా" అని అడిగేది నన్నే.

ఆఫీసుకి సెలవు పెడితే ఆ పని చూడ్డానికి ఇంకో మనిషి పేరుంటుంది. ఇంటికి సెలవు పెడితే ఎవరి పేరు రాయాలి? ఇల్లు తాళం వేసి వచ్చామనుకుంటాం గానీ, అది నా ఫోన్‌లో కూర్చుని నాతోనే ఓడెక్కి వస్తోంది.

"రెండు మెసేజ్‌లకి జవాబిస్తే అరిగిపోతావా?" అని అడిగేవాళ్ళున్నారు. అరిగిపోను. జవాబివ్వడానికి పట్టేది అర నిమిషమే. కానీ ఆ అర నిమిషం ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి రోజంతా ఒక చెవి ఫోన్ మీదే ఉంటుంది. అలల్లోకి దిగాలంటే ఫోన్ ఎవరికివ్వాలా అని చూసుకోవాలి. పిల్లలు "అమ్మా రా" అని పిలుస్తుంటే, "వస్తున్నా, ఒక్క నిమిషం" అనే మనిషి ప్రతి బీచ్‌లోనూ కనబడుతుంది. ఒడ్డున చెప్పులకీ బ్యాగులకీ కాపలాగా కూర్చున్న ఆవిడే.

అలా అని ఫోన్ పూర్తిగా కట్టేయమంటే నేనొప్పుకోను. ఎనభై ఏళ్ళ పెద్దావిడని వదిలి, సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వెళ్ళినప్పుడు, మన గొంతు ఆవిడకి అందాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఆ దీవుల్లో ఉన్న తమవాళ్ళ సంగతి తెలియక ఇక్కడి కుటుంబాలు ఎంత అల్లాడాయో ఉత్తరాంధ్రలో చాలామందికి తెలుసు. మన శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి తరాలుగా అక్కడ స్థిరపడ్డవాళ్ళు ఎందరో. పోర్ట్ బ్లెయిర్ బజార్లో నిలబడితే తెలుగు మాట వినబడుతుంది. మేం దిగిన హోటల్‌లో పనిచేసే టెక్కలి కుర్రాడు రాత్రి పనయ్యాక మెట్ల మీద కూర్చుని, ఊళ్ళో వాళ్ళ అమ్మకి వీడియో కాల్ చేసేవాడు. "ఏటి తిన్నావురా" అని ఆవిడ అడగడం మా గదిలోకి వినబడేది. ఆ అమ్మకి ఆ తీగ విలువేమిటో, "నెట్ లేని చోటికి పోదాం" అని సరదాపడే మనకేం తెలుస్తుంది?

కాబట్టి తీగ ఉండాలి, కాపలా పంచుకోవాలి. మేం బయల్దేరే ముందే అలా అనుకున్నాం. నా ఫోన్‌కి "ఇంటి ఫోన్" అని పేరు పెట్టి రోజుకొకరికి అప్పగించాం. ఒకరోజు మావారు, ఒకరోజు ఇంటర్ చదివే మా పెద్దాడు, ఒకరోజు నేను. పాప చిన్నది కాబట్టి తనకి రాత్రి నానమ్మకి కాల్ చేసే పని. పాలవాడు, పనిమనిషి, వాచ్‌మన్ నంబర్లూ, అత్తయ్యగారి మందుల చీటీ అందరికీ పంపాను. అత్తయ్యగారికి "రోజూ రాత్రి ఎనిమిదింటికి మేమే చేస్తాం, అర్జెంటైతే ఈ హోటల్ నంబరుకి చెయ్యండి" అని కాగితం మీద పెద్దక్షరాలతో రాసిచ్చాం. టైము తెలిస్తే పెద్దవాళ్ళు కంగారుపడరు.

మావారి వంతు వచ్చిన రోజు చూడాలి! ఆయన స్నార్కెలింగ్‌కి తయారవుతుంటే గ్యాస్ అబ్బాయి, ఆ వెనకే వాచ్‌మన్. "ఇన్ని వస్తాయా నీకు?" అన్నారు. పదిహేడేళ్ళ సంసారంలో నేను చెప్పి ఒప్పించలేనిది ఆ ఫోన్ ఒక్కపూటలో ఒప్పించింది. పెద్దాడికేమో వాళ్ళ నానమ్మ ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటుందో నోటికొచ్చేసింది. నేను రాధానగర్ బీచ్‌లో ఖాళీ చేతులతో నడుములోతు నీళ్ళలో నిలబడి, సూర్యుడు మునిగేదాకా చూశాను.

ఇంకో సంగతి. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఐదింటికే పొద్దుగుంకుతుంది. ఆ తర్వాత బోలెడంత రాత్రి. నలుగురూ నాలుగు ఫోన్లు పట్టుకుని నాలుగు మూలల కూర్చుంటే అంత దూరం వెళ్ళి ఏం లాభం? ఎనిమిది గంటల కాల్ అయ్యాక ఇంటి ఫోన్ తప్ప మిగతావి బ్యాగులోకి. పేకముక్కలు పట్టుకెళ్ళడం మరవకండి. ఫొటోలు కూడా తిరిగొచ్చాకే స్టేటస్‌లో పెట్టండి. "మా ఇంటికి తాళం వేసి ఉంది" అని ఊరంతటికీ మనమే చాటింపు వెయ్యడమెందుకు? సంక్రాంతి ముందు పోలీసులు చెప్పేదీ ఇదే కదా.

నెట్ ఉంది కదా అని అన్నీ దానికే వదిలెయ్యకండి. ఓడ టికెట్లు, హోటల్ కాగితాలు ప్రింటు తీసి ఉంచుకోండి. చేతిలో నగదు ఉండాలి. కొబ్బరిబోండాల బండి దగ్గర సిగ్నల్ లేకపోతే యూపీఐ ఏం చేస్తుంది పాపం.

దీవికి వెళ్ళేది నలుగురూ కలిసే అయినప్పుడు, సెలవూ నలుగురికీ దొరకాలి. ఈసారి మీ ఇంట్లో ఎవరైనా "అక్కడ ఫోన్లు ముట్టుకోవద్దు" అంటే, సరేననండి. అని మీ ఫోన్ తీసి వాళ్ళ చేతిలో పెట్టండి.