పదిమంది ఊరికి లక్షలమంది చుట్టాలు

పొద్దున్నే తలుపు తీస్తే ఎదురింట్లో ఎవరూ ఉండరు. పక్కింటికి తాళం. కాస్త అవతల ఉన్న భవంతికి ముందుగోడ తప్ప వెనక ఇల్లే లేదు. పదిగంటలు దాటిందంటే మాత్రం అదే వీధిలో కాలు పెట్టడానికి చోటుండదు. కెమెరాలు, టోపీలు, ఐస్‌క్రీములు, నాలుగైదు భాషల్లో కబుర్లు... సాయంత్రం చీకటి పడేసరికి మళ్లీ అంతా నిశ్శబ్దం. ఇటలీలోని ‘చివితా ది బాన్యొరేజో’ అనే కొండమీది పల్లెలో పర్యటకుల రోజుల్లో కనిపించే వరస ఇది.

ఏడాది పొడవునా అక్కడే కాపురం ఉండేవాళ్లు పదిమంది, అటూ ఇటుగా. చూడ్డానికి వచ్చేవాళ్లు ఏడాదికి లక్షల్లో. అంతమంది అంత దూరం నుంచి రావడానికి కారణం ఒకే ఒక్క మాట... ‘చచ్చిపోతున్న ఊరు’!

ఆ పేరు పెట్టింది పరాయివాళ్లు కాదు. పక్కనే ఉన్న బాన్యొరేజోలో పుట్టిన రచయిత బొనవెంతూరా తెక్కి (1896-1968). కళ్లముందే కరిగిపోతున్న ఊరిని చూసి బాధతో అన్న ఆ మాట, తర్వాతి రోజుల్లో ఊరికి బతుకుతెరువు అవుతుందని ఆయన ఊహించి ఉండరు.

బంకమన్ను మీద రాతి టోపీ

రోమ్‌ నగరానికి ఉత్తరంగా దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో, విటెర్బో జిల్లాలో ఉంది చివితా. రెండున్నర వేల ఏళ్లకు పూర్వం, రోమన్ల కంటే ముందు ఈ ప్రాంతాన్ని ఏలిన ఎత్రుస్కన్లు కట్టుకున్న ఊరు. శత్రువులకు అందకుండా కొండమీద కట్టుకోవడం వాళ్ల తెలివి. ఆ కొండ లోపల ఏముందో వాళ్లకి తెలియకపోవడమే చిక్కు!

పై భాగమంతా ‘టఫ్‌’ అనే రాయి. దగ్గర్లోని బొల్సేనా సరస్సు చుట్టుపక్కల ఒకప్పుడు బద్దలైన అగ్నిపర్వతాలు వెదజల్లిన బూడిద గట్టిపడి రాయిగా మారింది. కోసి ఇళ్లు కట్టుకోవడానికీ, తొలిచి గుహలు చేసుకోవడానికీ అనువుగా ఉంటుంది. దాని కిందున్నది మాత్రం బంకమన్ను. లక్షల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉన్నప్పుడు అడుగున పేరుకున్న మట్టి అది. వాన పడితే నానుతుంది, ఎండకి బీటలు తీస్తుంది. కొండకి రెండు వైపులా రెండు వాగులు... ఒకటి రియో క్యారో, అంటే తేటనీటి వాగు. రెండోది రియో తోర్బిదో, బురదనీటి వాగు. తేటదైనా బురదదైనా రెండూ చేసే పని ఒకటే, కొండ పాదాన్ని కోసుకుంటూ పోవడం. కిందిమట్టి జారితే పైనున్న రాతికి ఆధారం పోతుంది. పగులు పుడుతుంది. ఓ రోజు పెద్ద బండ విరిగి లోయలో పడుతుంది... దానిమీదున్న ఇంటితో సహా.

చుట్టూ లోయలో కత్తి అంచుల్లా నిలబడిన తెల్లటి మట్టి దిబ్బలన్నీ ఈ కోత మిగిల్చినవే. ఫొటోల్లో అవి ఎంత అందంగా ఉంటాయో! ఆ అందం నేల పోగొట్టుకుంటున్న ఊరి ఖర్చు మీద వచ్చింది.

1695 జూన్‌లో వచ్చిన భూకంపం చివితా నడ్డి విరిచింది. ఇళ్లు కూలాయి, దారి దెబ్బతింది. అంతవరకూ పెద్దూరు ఇదే. బిషప్‌గారి పీఠం, పాలక మండలి ఇక్కడే ఉండేవి. భూకంపం తర్వాత రెండూ బాన్యొరేజోకి తరలిపోయాయి. పెద్దలు వెళ్లాక మిగిలినవాళ్లు ఎన్నాళ్లుంటారు? ఒక్కో కుటుంబమే మూటాముల్లె సర్దుకుంది. రెండు ఊళ్లనీ కలిపే సన్నటి మట్టి గట్టు కూడా కోసుకుపోయింది. పాత వంతెన రెండో ప్రపంచయుద్ధంతో పోయింది. ఇప్పుడున్న కాంక్రీటు కాలివంతెనని 1965లో కట్టారు. పొడవు దాదాపు 300 మీటర్లు. దాని మీదికి కార్లు రావు. సరుకులు మోసే చిన్న బండ్లు, ఊళ్లోవాళ్ల స్కూటర్లు తప్ప అందరూ నడవాల్సిందే. మొదట సాఫీగా ఉండి, చివర్లో ఒక్కసారిగా నిటారుగా లేస్తుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు తొందరపడకుండా, ఆగి ఆగి ఎక్కడం మంచిది.

కిటికీలో ఆకాశం

వంతెన దాటగానే సాంతా మరియా ద్వారం. రాతిని తొలిచిన సొరంగంలాంటి దారి. పైన రెండు రాతి సింహాలు, ఒక్కోదాని పంజా కింద ఒక్కో మనిషి తల! ఒకప్పుడు పెత్తనం చెలాయించిన ఒర్వియేతో ప్రభువులని ఊరివాళ్లు తరిమికొట్టినందుకు గుర్తుగా వాటిని పెట్టారని చెబుతారు. ఊరు చిన్నదే కానీ పౌరుషం తక్కువది కాదన్నమాట.

లోపలికి అడుగుపెట్టగానే చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. దర్జా ఉట్టిపడే పాత భవంతి గోడ, వరసగా కిటికీలు. తల ఎత్తి చూస్తే కిటికీల్లోంచి కనిపించేది గది కాదు, నీలాకాశం. వెనక ఇల్లంతా ఎప్పుడో లోయలో కలిసిపోయింది. ఈ ఊరి కథ తెలియాలంటే పుస్తకాలు అక్కర్లేదు, ఆ కిటికీ ఒక్కటి చాలు.

ఊరి పెద్దకొడుకు లాంటివాడు సెయింట్‌ బొనవెంచర్‌. పదమూడో శతాబ్దం తొలినాళ్లలో ఇక్కడే పుట్టి, ఫ్రాన్సిస్కన్‌ సన్యాసుల సంఘానికి అధిపతిగా, కార్డినల్‌గా ఎదిగి 1274లో కన్నుమూశాడు. క్యాథలిక్కులు పూజించే అంతటి మహానుభావుడి పుట్టినిల్లయినా సరే... అదీ లోయపాలే. చోటు ఫలానా అని చెప్పే గుర్తు మాత్రం ఉంది.

ఊరి నడిమధ్య సాన్‌ దొనాతో చర్చి, దాని ముందు మట్టి పరిచిన చౌకు. జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి ఇక్కడ గాడిదల పందెం పెడతారు. గాడిద ఎప్పుడు పరుగెడుతుందో, ఎప్పుడు మొండికేస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి గెలుపోటముల కంటే నవ్వులే ఎక్కువ. రాతి గుహల్లో గాడిదలు తిప్పిన పాత ఆలివ్‌ గానుగనీ చూడొచ్చు. నిప్పుల మీద కాల్చిన రొట్టెకి వెల్లుల్లి రుద్ది, ఆలివ్‌ నూనె పోసి, పైన టమాటా ముక్కలు వేసిచ్చే బ్రుస్కెత్తా ఇక్కడి ఫలహారం. మాంసం తినని మనవాళ్లకి కూడా ఇబ్బంది లేదు.

అన్నట్టు, కొండచరియలు విరిగిపడటం గురించే ఇక్కడ ఓ మ్యూజియం ఉంది! అలెమాన్ని భవనంలో 2012లో తెరిచారు. కొండ ఎందుకు జారుతోంది, ఇనుప కడ్డీలు దింపి రాతిని ఎలా బిగించారు... అన్నీ బొమ్మలతో వివరిస్తారు. పిల్లలతో వెళ్లినవాళ్లు సెల్ఫీల హడావిడిలో దీన్ని దాటేయకూడదు.

టిక్కెట్టు పెట్టారు!

ఊరు మళ్లీ ఊపిరి పీల్చుకోవడానికి తొలి చెయ్యి అందించినవాళ్లలో ఒకరు ఆస్ట్రా జరీనా. లాత్వియాలో పుట్టి, అమెరికాలో స్థిరపడిన ఆర్కిటెక్టు. 1960లలో ఇక్కడికొచ్చి, అందరూ వదిలేసిన శిథిలాలని కొని, పాత పద్ధతిలోనే బాగుచేసుకున్నారు. సియాటెల్‌లోని వాషింగ్టన్‌ విశ్వవిద్యాలయం విద్యార్థులని తీసుకొచ్చి, రాళ్ల మధ్యే పాఠాలు చెప్పారు. 2008లో ఆమె మరణించారు. 2006లో ‘ప్రపంచ కట్టడాల నిధి’ ప్రమాదంలో ఉన్న 100 చోట్ల జాబితాలో చివితాని చేర్చడంతో పేరు మరింత పాకింది.

2013లో స్థానిక పాలకులు చేసిన పని ఇటలీ అంతటా చర్చకి దారితీసింది. వంతెన దగ్గర టిక్కెట్టు పెట్టారు. ఊళ్లోకి వెళ్లడానికి టిక్కెట్టా! మొదట ఒకటిన్నర యూరో. తర్వాత పెంచుకుంటూ 5 యూరోలు చేశారు. రేటు పెరిగితే జనం తగ్గుతారనుకోవడం సహజం. జరిగింది వేరు. 2010కి ముందు ఏడాదికి 40 వేల దగ్గరున్న సందర్శకులు, పదేళ్లు తిరక్కుండానే ఎనిమిది లక్షలు దాటారు. టిక్కెట్ల డబ్బుతో బాన్యొరేజో వాసులకు మున్సిపల్‌ పన్నులే ఎత్తేశామని అప్పటి మేయరు ప్రకటించారు. చుట్టుపక్కల పిల్లలకి హోటళ్లలో, దుకాణాల్లో పని దొరికింది.

సంతోషమే. కానీ రెండో వైపు కూడా చూడాలి. బాగుపడ్డ ఇళ్లలో చాలావాటికి యజమానులు బయటివాళ్లు. సెలవులకొచ్చి వెళ్లేవాళ్లు, అద్దెగదులుగా మార్చినవాళ్లు. తినడానికి చోట్లున్నాయి, బడి లేదు. బిడ్డని బడికి పంపాలన్నా, ముసలాయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాలన్నా అదే వంతెన దాటాలి. కొండని ఇనుముతో బిగించవచ్చు... మనుషుల్ని బిగించడం ఎలా? టిక్కెట్టు తప్పని మాత్రం అనలేం. జారే నేలని నిలబెట్టడానికి ఏటా డబ్బు కావాలి, పదిమంది పన్నులతో అది అయ్యేది కాదు. చూసి పోయేవాళ్లు ఆ భారంలో కొంత మోయడం న్యాయమే. రెండు గంటల్లో నాలుగు ఫొటోలు తీసుకుని పరుగెత్తేవాళ్ల కంటే, ఓ రాత్రి ఉండి, ఊళ్లోవాళ్ల దగ్గరే భోంచేసేవాళ్ల వల్ల ఊరికి మేలెక్కువ.

రోమ్‌ నుంచి వెళ్లేవాళ్లు రైల్లో ఒర్వియేతోకి చేరి, అక్కణ్నుంచి బస్సులో బాన్యొరేజోకి వెళతారు. బస్సులు తక్కువ, ఆదివారం సంగతి మరీ ముందే కనుక్కోవాలి. వసంతం, శరదృతువు అనువైన కాలం.

వసంతంలో వెళితే గుడ్‌ఫ్రైడేకి ఉండేలా చూసుకోవాలి. సాన్‌ దొనాతో చర్చిలో పదిహేనో శతాబ్దం నాటి చెక్క శిలువ ఉంది. ప్లేగు పట్టిన రోజుల్లో అందులోని క్రీస్తు ఓ భక్తురాలితో మాట్లాడాడని ఊరి నమ్మకం. ఆ సాయంత్రం దాన్ని భుజాల మీద ఎత్తుకుని, వంతెన మీదుగా బాన్యొరేజోకి ఊరేగింపుగా తీసుకెళతారు. ఓ షరతుంది... అర్ధరాత్రిలోగా శిలువ చివితాకి తిరిగి రాకపోతే, ఇక ఎప్పటికీ బాన్యొరేజోదే! బిషప్‌గారిని, పాలకులని, జనాన్ని అందరినీ ఆ ఊరికే వదిలేసుకున్న చివితా ఈ ఒక్కదాన్నీ వదులుకోలేదు. ఊరేగింపు ఎంత ఆలస్యమైనా, పన్నెండు కొట్టేలోపు శిలువ వంతెన దాటి, ఆ నిటారు ఎక్కుడు ఎక్కి, సింహాల ద్వారంలోంచి లోపలికి వచ్చేస్తుంది.