మందు ఆమెకు... మరి ఆయనకో?

మా కట్టంగూర్ మీదుగా హైదరాబాద్–విజయవాడ హైవే పోతుంది. రాత్రంతా లారీల చప్పుడే. సుఖవ్యాధుల మాట వస్తే చాలు, అందరూ ఆ లారీల వైపే వేలు చూపిస్తారు. రోగం డ్రైవర్లకే వస్తుందట! ఇంట్లో ఉన్న మనకు దానితో సంబంధమే లేదన్నట్టు.

మొన్న మా వాడకట్టులో ఒకామె వచ్చి గొంతు తగ్గించి చెప్పింది. "అక్కా, మందులు మింగినన్ని దినాలు మంచిగుంటది. మల్ల నెలకే తెల్లబట్ట, మంట. నా ఒంట్లనే ఏమన్న దోషమున్నదా?" ఇది మూడోసారట. మీ ఆయన కూడా చూపించుకున్నాడా అంటే నన్ను వింతగా చూసింది. "ఆయనకేమైంది, మంచిగనే ఉన్నడు గదా!"

చిక్కంతా ఇక్కడే ఉంది. తెల్లబట్ట కనబడిందల్లా సుఖవ్యాధి కాదు, నిజమే. కానీ గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనాస్ లాంటివైతే భార్య ఒక్కతే మందు మింగి లాభం లేదు. క్లమీడియా, ట్రైకోమోనాస్ ఉన్నా చాలామంది మగవాళ్లకు పైకి ఏ బాధా ఉండదు. అలాంటి భర్త నుంచి అదే క్రిమి మళ్లీ ఆమెకు చేరుతుంది. ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. డాక్టరు చెప్పినన్నాళ్లు కలయిక మానుకోవాలి. ఆ తర్వాత కూడా అనుమానముంటే కండోమ్ తప్పదు. గనేరియా, క్లమీడియాలను నిర్లక్ష్యం చేస్తే గర్భనాళాలు మూసుకుపోవచ్చు. అప్పుడు గొడ్రాలన్న పేరూ ఆమెకే!

హెచ్ఐవి సంగతీ అంతే. 2023 అంచనాల ప్రకారం దేశంలో 15–49 ఏళ్లవారిలో 0.2 శాతం మందికి ఈ వైరస్ ఉంటే, మన తెలంగాణలో 0.44 శాతం. గర్భిణులకు హెచ్ఐవి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. మంచిదే, వైద్యం లేకపోతే బిడ్డకు హెచ్ఐవి సోకే ప్రమాదం 15 నుంచి 45 శాతం. మందులు సరిగా వాడితే 5 శాతం లోపే. సిఫిలిస్‌కు పెన్సిలిన్ ఇంజక్షన్ ఉంది. కానీ ముందు పరీక్ష జరిగేది ఆమెకే కాబట్టి, రోగం ముందు బయటపడేదీ ఆమె రక్తంలోనే. ఇక అత్తగారు ఊరుకుంటుందా? "ఇది తెచ్చిన రోగమే" అంటుంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో పరీక్ష కాగితం చెప్పదు గదా!

2017 నాటి హెచ్ఐవి చట్టం ప్రకారం, వైరస్ ఉందని తెలిసినవాళ్లు అది ఎదుటివారికి సోకకుండా జాగ్రత్త పడాలి. ఆయన పరీక్షకే పోకపోతే తెలిసేదెట్లా? ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో పరీక్ష ఉచితం, రహస్యంగా ఉంచుతారు. 1097కు ఫోను చేసి పేరు చెప్పకుండానే అడగొచ్చు.

ఇవన్నీ ఆమెకు చెప్పాను. చాలాసేపు కొంగు నలుపుతూ కూర్చుంది. "ఇద్దరం పోతెనే మందిస్తరంట అని చెప్తనక్కా" అంది చివరికి. అది అబద్ధమే. నేను వద్దనలేదు.