నీళ్లు ఒకటే, పేర్లే రెండు

అబ్బాయిది కథోలిక కుటుంబం, అమ్మాయిది లూథరన్ సంఘం. పెళ్లి మాటలన్నీ సాఫీగా సాగుతుంటే పెద్దలెవరో అంటారు: ‘‘పిల్లకు మళ్లీ జ్ఞానస్నానం ఇప్పించాలేమో?’’ అమ్మాయి తల్లి ముఖం మాడిపోతుంది. ‘‘మా పిల్లకు నెలల వయసులోనే బాప్తిస్మం అయిందండీ. అది చెల్లదా?’’

వారి జ్ఞానస్నానమూ వీరి బాప్తిస్మమూ ఒకటే, చెల్లుతుంది. ఆ మాట అనేది లూథరన్లే కాదు, కథోలిక శ్రీసభ కూడా.

ఈ తగవు మూడో శతాబ్దం నాటిది. చీలిక వర్గాల దగ్గర బాప్తిస్మం పొంది వచ్చినవాళ్లకు మళ్లీ ఇవ్వాల్సిందేనని కార్తేజి బిషప్పు సిప్రియన్ పట్టుబట్టాడు. అక్కర్లేదన్నాడు పోపు మొదటి స్తెఫాను. చివరికి రోము మాటే నిలిచింది. పోసే చెయ్యి ఎవరిదైనా బాప్తిస్మమిచ్చేది క్రీస్తేనని తర్వాత అగస్టీన్ వాదించాడు. లూథర్‌తో తెగిన గాయం పచ్చిగా ఉండగానే, 1547లో ట్రెంట్ మహాసభ దీన్నే ఖాయం చేసింది. నీళ్లు, త్రిత్వ నామం, సంఘం చేసేదే చేస్తున్నానన్న ఉద్దేశం ఉంటే వేరు బోధ నమ్మేవాడిచ్చినా అది బాప్తిస్మమే.

ఈ కొలత సొంతవాళ్లకూ వర్తిస్తుంది. ‘నేను’ బదులు ‘మేము’ అని ఇచ్చిన జ్ఞానస్నానం చెల్లదని 2020లో వాటికన్ తేల్చింది. తెలుగులో ఆ తేడా ఒక్క అక్షరం: ‘ఇచ్చుచున్నాను’, ‘ఇచ్చుచున్నాము’. అమెరికాలోని ఫీనిక్స్‌లో ఒక గురువు ఏళ్ల తరబడి ‘మేము’ అన్నందుకు వేలమంది జ్ఞానస్నానాలు సందేహంలో పడ్డాయి. ‘యేసు నామంలో’ మాత్రమే ఇచ్చేవాటినీ శ్రీసభ ఒప్పుకోదు. చూసేది గుడి మీది బోర్డును కాదు, లోపల పలికిన మాటను.

అసలు గీత మరోచోట ఉంది. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో బాప్టిస్టు బోధకులు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ సంప్రదాయంలో నమ్మి, తానే అడిగి, నీళ్లలో మునిగినవాడిదే బాప్తిస్మం. పసివాడి తలపై పోసిన నీళ్లు వారి లెక్కలోకి రావు. కాబట్టి ఆ పసివాడికి పెద్దయ్యాక ఇచ్చేది వారి దృష్టిలో రెండోది కాదు, మొదటిదే. బాప్టిస్టులు ముంచి ఇచ్చే బాప్తిస్మాన్ని కథోలికులు ఒప్పుకుంటారు, కథోలిక పసిబిడ్డ జ్ఞానస్నానాన్ని బాప్టిస్టులు ఒప్పుకోరు. అది విశ్వాసంలోని తేడా. మొహమాటంతో కప్పిపుచ్చితే పోయేది కాదు.

కానీ పసిపిల్లలకు ఇచ్చే కథోలికులు, లూథరన్లు, సి.ఎస్.ఐ. వారి మధ్య ‘మళ్లీ’ అన్న మాటకే చోటు లేదు. ఆ అమ్మాయి కథోలికురాలు కావాలనుకుంటే విశ్వాస ప్రమాణం, భద్రమైన అభ్యంగనం చాలు. కావొద్దనుకుంటే తన సంఘంలోనే ఉండి, బిషప్పు అనుమతితో పెళ్లి చేసుకోవచ్చు. నిజమైన అనుమానం మిగిలితేనే ‘ఇదివరకు పొందకపోయి ఉంటే’ అన్న షరతుతో ఇస్తారు.

కాబట్టి ఆ పెద్దమనిషి అడగాల్సింది ‘‘మళ్లీ ఎప్పుడు?’’ అని కాదు, ‘‘బాప్తిస్మం పత్రం తెచ్చారా అమ్మా?’’ అని. ఆ తల్లి బీరువాలో అది ఇన్నేళ్లుగా భద్రంగానే ఉంది.