ముందు తీగల ఎత్తు చూడండి

వేసవి సెలవుల్లో కొనిచ్చిన గిటార్ దసరా నాటికి బీరువా మీదికి చేరుతుంది. సంక్రాంతి దాటాక దాని ఫోటో అమ్మకానికి వస్తుంది. కింద "కొత్తదే, పెద్దగా వాడలేదు" అని ఒక ముక్క. పిల్లవాడికి నిలకడ లేదని ఇంట్లోవాళ్ళు తేల్చేస్తారు. తనకు సంగీతం అబ్బదని పిల్లవాడూ నమ్మేస్తాడు. అలా అమ్మకానికి వచ్చిన గిటార్లు చేతిలోకి తీసుకుని చూసినప్పుడు నాకు తరచుగా కనబడే లోపం ఒకటే. తీగలు మెట్లకు మరీ ఎత్తున ఉంటాయి. చూపుడువేలితో తీగలన్నీ ఒకేసారి నొక్కాల్సిన ఎఫ్ కార్డు పట్టబోతే ఏళ్ళ తరబడి వాయిస్తున్నవాళ్ళకే ఆ వేలు సలుపుతుంది, ఇక పన్నెండేళ్ళ పిల్ల వేళ్ళ సంగతి చెప్పేదేముంది! ఆ పిల్లలు సంగీతం మీద ఇష్టం లేక మానలేదు. వేళ్ళ నొప్పికి ఓర్చుకోలేక మానేశారు.

గిటార్ కొనేటప్పుడు మనం ధర అడుగుతాం, కంపెనీ అడుగుతాం, బ్యాగు, బెల్టు ఉచితంగా ఇస్తారా అని అడుగుతాం. సెటప్ చేసి, అంటే తీగల ఎత్తు, నెక్ వంపు సరిచేసి ఇస్తారా అని అడిగేవాళ్ళు అరుదు. ఫ్యాక్టరీలు తీగల్ని కాస్త ఎత్తుగానే ఉంచి పంపిస్తాయి. ఎత్తు తగ్గించడం తరవాతైనా కుదురుతుంది, అరగదీసినదాన్ని పెంచడం కష్టం. ఓడలోనో లారీలోనో వాతావరణాలు మారుతూ వచ్చిన చెక్క కొంత వంగుతుంది కూడా. కాబట్టి కొత్త గిటార్‌కు సెటప్ అక్కర్లేదనుకోవడం పొరపాటు. చాలావాటికి కొత్తలోనే అవసరం. పదిహేను వేలు పోసి కొని అలాగే వాయించే గిటార్ కన్నా, ఎనిమిది వేలకు కొని చేయి తిరిగిన పనివాడి చేత సరిచేయించుకున్న గిటార్ మేలని నా గట్టి నమ్మకం.

వాయిద్యాన్ని ఇలా సరిచేయించుకునే అలవాటు మనకు బొత్తిగా కొత్తది కూడా కాదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణ చేసే పనివాళ్ళు దాని ఇరవైనాలుగు మెట్లనూ మైనంలో ఒక్కొక్కటిగా, చెవితో స్థానం పట్టుకుంటూ కూర్చుతారు. ఏళ్ళు గడిచి మైనం కదిలితే, మెట్లు అరిగితే మళ్ళీ మెట్లు కట్టించాలి. వీణ ఉన్న ఇంట్లో ఎవరూ దాన్ని దండగ ఖర్చు అనుకోరు, వాయిద్యం ఉన్నాక తప్పని పని అనుకుంటారు. అదే ఇంట్లో మనవడి గిటార్‌కు మాత్రం తీగ తెగితే తప్ప ఎవరూ చేయి పెట్టరు.

సికింద్రాబాద్‌లో ఒక రిపేరు బల్ల దగ్గర నేను కూర్చుని ఉండగా ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. "పాప చేతులకి ఇది పెద్దదైనట్టుంది సార్, చిన్న సైజుకి మారుస్తారేమో అడుగుదామని వచ్చాం" అన్నాడు. పనివాడు పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ కింద స్కేలు పెట్టి చూశాడు. మూడున్నర మిల్లీమీటర్ల పైనే ఉంది. "మార్చక్కర్లేదు సార్, ఓ గంట కూర్చోండి" అన్నాడు.

ముందు గిటార్‌ను శ్రుతి చేశాడు. ఇది ముఖ్యం. స్టీలు తీగలు ఆరూ కలిసి నెక్‌ను, అంటే మెట్లుండే మెడను, డెబ్బై కిలోలకు పైబడిన బలంతో లాగుతుంటాయి. ఆ లాగుడు మీద ఉన్నప్పుడే చెక్క ఎటు వంగిందో తెలుస్తుంది. తరవాత మొదటి మెట్టు మీద కాపో (తీగల్ని నొక్కిపెట్టే క్లిప్పు) బిగించి, నెక్ బాడీలో కలిసేచోట తీగను వేలితో నొక్కి, ఏడో మెట్టు దగ్గర సందు చూశాడు. అక్కడ ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. ఈ గిటార్‌లో రెండు మూడు కార్డులు దూరేటట్టు ఉంది. నెక్ లోపల ట్రస్ రాడ్ అనే ఇనప కడ్డీ ఉంటుంది. 1920ల మొదట్లో గిబ్సన్ కంపెనీ వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. దాన్ని కీతో పావు చుట్టు తిప్పి, మళ్ళీ శ్రుతి చేసి, మళ్ళీ చూశాడు. ఇంకో పావు చుట్టు. ఒక్కసారిగా బిగించేవాళ్ళకు మాత్రం గిటార్ ఇవ్వకండి. కడ్డీ తెగినా మర పోయినా ఆ రిపేరు గిటార్ ధరను మించిపోవచ్చు.

ఆ తరవాత నట్. తలకట్టు దగ్గర తీగలు కూర్చునే తెల్లటి పట్టీ అది. రెండో, మూడో మెట్ల మధ్య తీగను నొక్కి పట్టి మొదటి మెట్టు మీద చూస్తే తీగకూ మెట్టుకూ మధ్య వెంట్రుకవాసి సందు మాత్రమే ఉండాలి. ఇక్కడ ఎత్తు ఎక్కువైతే రెండు నష్టాలు: మొదటి మూడు మెట్లలో వేళ్ళు నొప్పెడతాయి, గట్టిగా నొక్కేసరికి తీగ సాగి శ్రుతి పైకి పోతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళ చేయంతా ఆ మొదటి మూడు మెట్ల మీదే ఉంటుంది కాబట్టి పిల్లల గిటార్‌లో అన్నిటికన్నా ముందు చూడవలసింది నట్ అంటాను నేను. పనివాడు ఒక్కో తీగ మందానికి ఒక్కో ఆకురాయి తీసి, గాడి లోతు పెంచుతూ, రెండు రుద్దులకొకసారి తీగ పెట్టి చూసుకుంటూ పోయాడు. అర మిల్లీమీటరు ఎక్కువ దిగితే ఖాళీ తీగ మెట్టుకు తగిలి జిర్రుమంటుంది. అప్పుడు కొత్త నట్ వేయాల్సిందే.

చివరికి సాడిల్. తీగలను బాడీకి బిగించే బ్రిడ్జిలోంచి, తీగలు ఆనుకునే ఆ పలుచని ముక్కను లాగి, అడుగున పెన్సిల్ గీత గీసి, అద్దం మీద అంటించిన గరుకు కాగితం మీద నిటారుగా పట్టుకుని రుద్దాడు. పన్నెండో మెట్టు తీగ పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ ఒక మిల్లీమీటరు తగ్గాలంటే సాడిల్ దగ్గర రెండు మిల్లీమీటర్లు తీయాలి. మళ్ళీ తీగలు వేసి ఇచ్చాక ఆ అమ్మాయి ఎఫ్ కార్డు పట్టింది. ఆరు తీగలూ మోగలేదు, అయిదు మోగాయి. అంతకుముందు మోగినవి రెండే. సైజు మార్చే మాట తండ్రి మళ్ళీ ఎత్తలేదు.

ఎలక్ట్రిక్ గిటార్‌తో ఇంత అరగదీత ఉండదు. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ నుంచీ చాలావాటిలో ఒక్కో తీగకు విడిగా సాడిల్, ఎత్తు మార్చుకునే చిన్న మరలు ఉంటున్నాయి. ఓపిక ఉన్నవాళ్ళు ఇంట్లోనే నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా.

మన వాతావరణం గురించి ఒక మాట. మంచి చెక్కతో చేసిన అకూస్టిక్ గిటార్‌కు గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే సుఖం. విశాఖపట్నం, కాకినాడల్లో వానాకాలపు తేమకు పైచెక్క ఉబ్బి బ్రిడ్జి పైకి లేస్తుంది, దాంతో తీగలూ పైకి లేస్తాయి. అదే గిటార్‌ను ఏప్రిల్‌లో హైదరాబాద్ తెచ్చి ఏసీ గదిలో గోడకు తగిలిస్తే చెక్క ఎండి కుంచించుకుపోతుంది. మెట్ల అంచులు నెక్ పక్కలనుంచి పొడుచుకొచ్చి అరచేతికి గీరుకుంటాయి. పట్టించుకోకపోతే పైచెక్క చీలుతుంది. అమెరికా నుంచి పిల్లలు పంపిన ఖరీదైన గిటార్లకు మన ఇళ్ళలో పట్టే గతి ఎక్కువగా ఇదే. గట్టి పెట్టె, అందులో ఒక తేమ కొలిచే మీటరు, తేమను సరిపెట్టే చిన్న పొట్లాలు. ఇంతకు మించి ఖర్చేమీ లేదు. కారు డిక్కీలో మాత్రం ఎండలో వదలకండి. జిగురు మెత్తబడి బ్రిడ్జి ఊడొస్తుంది.

ఇక పాత గిటార్ కొనడం, అమ్మడం. నన్నడిగితే మంచి గిటార్‌ను తక్కువలో పొందడానికి ఇదే దారి. చెక్క అప్పటికే కుదురుకుని ఉంటుంది, వంగవలసింది వంగి బయటపడి ఉంటుంది. కొనేముందు వెళ్ళి చేత్తో పట్టుకుని చూడండి. ఒక పొడవాటి స్టీలు స్కేలును మెట్ల మీద ఆనించి బ్రిడ్జి వైపు జరిపితే దాని కొస బ్రిడ్జి చెక్క పైఅంచుకు తగలాలి. బాగా కిందికి పోతే నెక్ కోణం మారిపోయినట్టు. అది ఊడదీసి మళ్ళీ అతికించే పెద్ద పని. సాడిల్ ఎంత మిగిలిందో చూడండి, అరిగి బ్రిడ్జిలో కలిసిపోయి ఉంటే ఇక తీగల్ని దించడానికి చోటు లేదు. మొదటి అయిదు మెట్లలో తీగల కింద గుంటలు పడ్డాయేమో చూడండి. గిబ్సన్ లెస్‌పాల్ లాంటివైతే తల మెడలో కలిసేచోట వెనకవైపు దీపం పెట్టి వెతకండి. ఆ తల వెనక్కి వంగి ఉంటుంది, కింద పడితే అక్కడే విరుగుతుంది. చక్కగా అతికించినది ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, ధర మాత్రం బాగా పడిపోతుంది. వాయించుకోవడానికి కొనేవాడికి అది అదృష్టమే, అమ్మేవాడు ముందే చెబితే.

చెప్పడం దగ్గరే పేచీ. మార్పులు జరిగిన గిటార్‌కు విలువ పోతుందని భయపడి దాచేవాళ్ళున్నారు. పింక్ ఫ్లాయిడ్ బృందం గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ సంగతి చూడండి. 1970లో న్యూయార్క్‌లో మామూలుగా దుకాణంలో కొన్నది. దాని నెక్‌లు మార్చారు, పికప్‌లు మార్చారు, రంగు మార్చారు, బాడీకి కన్నాలు పెట్టారు, పూడ్చారు. ఆ మార్పులన్నీ ఆయన గిటార్లు చూసుకునే ఫిల్ టేలర్ ఒక పుస్తకంగానే రాశాడు. 2019 జూన్‌లో క్రిస్టీస్ వేలంలో ఆ గిటార్ దాదాపు 40 లక్షల డాలర్లకు పోయింది. ఆ వేలంలో వచ్చిన డబ్బును గిల్మర్ పర్యావరణం కోసం పనిచేసే క్లయింట్‌ఎర్త్ సంస్థకు ఇచ్చేశాడు. వాయించినవాడి పేరుకే ఆ ధర, కాదనను. కానీ అన్ని మార్పులు జరిగినదాన్ని కొనేవాడు నమ్మి కొన్నాడంటే ఆ చరిత్ర అక్షరం పొల్లుపోకుండా రాసి ఉండబట్టే.

దానికి ఎదురు రకం కూడా ఉంది, లేని చరిత్ర అంటగట్టడం. 1970లలో జపాన్‌లో తయారైన అమెరికన్ గిటార్ల నకళ్ళన్నిటినీ "కోర్టు కేసు గిటార్" అని పేరుపెట్టి ధర పెంచి అమ్ముతుంటారు. నిజానికి 1977లో గిబ్సన్ యజమాని సంస్థ నోర్లిన్, ఐబనీజ్ గిటార్లను అమెరికాలో అమ్మే ఎల్గర్ కంపెనీ మీద వేసిన దావా తలకట్టు ఆకారం గురించి. అది రాజీతో ముగిసింది. మిగతా కంపెనీల గిటార్లకు ఆ కేసుతో చుట్టరికమే లేదు. వాటిలో మంచివి ఎన్నో ఉన్నాయి, మంచివిగానే అమ్మొచ్చు కదా!

చెక్క పేరు చెప్పి ధర పెంచడమూ ఇలాంటిదే. బ్రెజిల్ రోజ్‌వుడ్ అనగానే కొందరు కళ్ళు మూసుకుని డబ్బిస్తారు. బ్రెజిల్ దుంగల ఎగుమతి ఆగిపోవడంతో మార్టిన్ కంపెనీ 1969లో తన పేరుమోసిన డి-28కి భారతీయ రోజ్‌వుడ్ వాడడం మొదలుపెట్టింది. మన దక్షిణాది అడవుల్లో పెరిగే చెట్టే, తెలుగులో ఇరుగుడు అంటాం. అర్ధ శతాబ్దంగా ప్రపంచం వింటున్న ఎన్నో గిటార్ల వెనక చెక్క మనదే. బ్రెజిల్ రకానికి 1992 నుంచీ అంతర్జాతీయ ఒప్పందం కింద గట్టి ఆంక్షలున్నాయి, కాగితాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. విదేశం నుంచి పాత మార్టిన్ తెప్పించుకునే ఉద్దేశం ఉన్నవాళ్ళు డబ్బు పంపేముందే ఆ కాగితాలు అడగండి.

దుకాణదారులకు నాదొక మనవి. బ్యాగు, బెల్టు, రెండు పిక్కులు ఉచితంగా ఇచ్చే బదులు ఆ డబ్బుతో సెటప్ చేయించి ఇవ్వండి. కొన్న పిల్ల మానకుండా వాయిస్తే నాలుగేళ్ళకు ఇంకో మంచి గిటార్ కొనడానికి మీ దగ్గరికే వస్తుంది. అమ్ముకునేవాళ్ళు ఒక తెల్లకాగితం మీద ఎప్పుడు కొన్నారో, ఏ భాగం మార్చారో, ఎక్కడ విరిగితే ఎవరు అతికించారో రాసి పెట్టెలో పెట్టి ఇవ్వండి. బీరువా మీద గిటార్ ఉన్నవాళ్ళు మాత్రం అమ్మకానికి ఫోటో తీసేముందు పన్నెండో మెట్టు దగ్గర స్కేలు పెట్టి చూడండి. సన్న తీగ కింద రెండు మిల్లీమీటర్లు, లావు తీగ కింద రెండున్నర దాటి ఉంటే ఆ గిటార్ అమ్మకండి, సెటప్‌కు ఇవ్వండి.